పట్టి చూడకుండా కొన్న గిటారు

వడ్రంగికి మాటలు తక్కువ. ఉన్న నాలుగూ కొలతల గురించే. అతని చేత మాట్లాడించాలంటే తలుపు వంకరగా ఉందనాలి, లేదా పాట తప్పిందనాలి. ముప్పై ఏళ్ళుగా తలుపులూ, కిటికీలూ, బల్లలూ చేస్తున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆదివారం నాలుగు తీగల బేస్ గిటారు వాయిస్తున్నాడు. అది అతనికి తగిన వాయిద్యమే. ముందుకొచ్చి మాట్లాడదు. వెనకాల నిలబడి పాటను మోస్తుంది. ఉన్నంతసేపూ ఎవరికీ పట్టదు. ఆగిపోతే మాత్రం, ఏదో తక్కువైందే అని అందరూ తలలు తిప్పుతారు.

వాళ్ళది నలుగురి జట్టు. కీబోర్డు మీద టీచరమ్మ, డ్రమ్ముల మీద లారీ మెకానిక్కు, బేస్ మీద వడ్రంగి. పాడేది బావ. బావ అంటే వడ్రంగి భార్యకు అన్న, సిటీ బస్సు డ్రైవరు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. వడ్రంగి పనిశాల మీద ఉన్న గదిలో ఆదివారం మధ్యాహ్నాలు సాధన చేస్తారు. పుట్టినరోజులకీ, ఉద్యోగం నుంచి దిగిపోయే వాళ్ళ వీడ్కోలు సభలకీ పిలిస్తే వెళ్ళి పాడి వస్తారు. ఊరంతా చెప్పుకునే జట్టేమీ కాదు. ఒకసారి పిలిచినవాళ్ళు మళ్ళీ పిలుస్తారు, అంతే. అంతకంటే ఏం కావాలి?

ఆ ఏడు మొదట్లో బావ గొంతులో చిన్న కాయ లేచింది. డాక్టరు తీసేశాడు. నెల రోజులు నోరు మెదపొద్దన్నాడు. ఆ నెల బావ ఇంట్లోవాళ్ళు హాయిగా నిద్రపోయారని వడ్రంగి భార్య చెప్పి నవ్వింది. నెల తర్వాత గొంతు వచ్చింది గానీ పాత గొంతు రాలేదు. మూడు మెట్లు కిందికి దిగి అక్కడే చతికిలబడింది. పైకి లాగితే బీట తీస్తుంది. లాగొద్దని డాక్టరూ చెప్పాడు. "కింద పాడుకో నాయనా, కింద కూడా పాటలుంటాయి" అన్నాడట.

సరే, పాటలన్నీ మూడు మెట్లు దించుదామనుకున్నారు. టీచరమ్మ కీబోర్డు మీద ఒక మీట నొక్కింది, ఆమె పని అయిపోయింది. డ్రమ్ములకు ఆ బాధే లేదు. చిక్కంతా వడ్రంగికే. అతని గిటారులో అన్నిటికంటే లావు తీగ ఏ స్వరం దగ్గర మొదలవుతుందో పాత పాటలు అక్కడే నిలబడి ఉన్నాయి. అంతకంటే కిందికి వెళ్ళాలంటే ఆ గిటారులో చోటు లేదు. మర తిప్పి తీగను వదులు చేశాడు. అది బట్టలారేసే తాడులా వేలాడి గుర్రుమంది. పోనీ అని అవే స్వరాలు పైన పట్టుకుని వాయించాడు. పాట నీళ్ళు కలిపిన పాలలా అయింది.

బావ రెండో చరణంలో ఆపేశాడు.

"కింద నేల లేదు బావా. అడుగేస్తే కాలు దిగబడుతోంది."

మైకు బల్ల మీద పెట్టి దిగి వెళ్ళిపోయాడు. తరవాతి ఆదివారం డ్యూటీ పడిందన్నాడు. ఆ తరవాతి ఆదివారం బస్సు టైర్లు మార్చాలన్నాడు. మూడో ఆదివారం ఏ సాకూ చెప్పలేదు. వడ్రంగికి అదే గుచ్చుకుంది. సాకు చెప్పేవాడు మళ్ళీ వస్తాడు. సాకు కూడా చెప్పనివాడు మనసులో తలుపేసుకున్నట్టు.

"మా అన్నయ్య ఇంటికి వెళ్ళొచ్చాను" అంది భార్య, మిషను మీద చొక్కా కాలరు కుడుతూ. ఆమె బట్టలు కుడుతుంది. ముందు గదంతా ఆమెదే. "వదిన రేడియో పెట్టింది. లేచి కట్టేశాడు. పాట వినపడితే చాలు, ముఖం గోడకి తిప్పుకుంటున్నాడు. వెళ్ళి పిలవరాదూ?"

వడ్రంగి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, నిన్నే. నోట్లో మేకులేమైనా ఉన్నాయా?"

"పిలిస్తే రాడు" అన్నాడు.

అది నిజమే. వాళ్ళిద్దరి మధ్యా అడగడం, బతిమాలడం అనేవి ఏనాడూ లేవు. పెళ్ళయిన రోజు నుంచీ ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడం తప్ప వాళ్ళకు వేరే దారి తెలియదు. ఒకరు జాలిగా మాట్లాడితే రెండోవాడు చొక్కా వేసుకుని వెళ్ళిపోతాడు. కాబట్టి పిలవడం కుదరదు. కుదిరేది ఒక్కటే. గిటారుకు ఇంకో తీగ కావాలి. కింద, లావుగా, అయిదోది. బావ గొంతు ఎక్కడికి దిగిందో అక్కడికి దిగేది.

మర్నాడు వాయిద్యాల కొట్టుకు వెళ్ళాడు. కొట్టు నడిపే ఆవిడ అద్దాల బీరువా తుడుస్తోంది. గోడకు నాలుగు తీగలవి మూడు వేలాడుతున్నాయి. అయిదు తీగలది ఒక్కటీ లేదు.

"ఇక్కడ ఎవరడుగుతారు బాబాయ్? తెప్పించాలి. ఇవిగో, మూడు రకాలు. మూడూ ఇంచుమించు ఒకే ధర" అని బొమ్మల పుస్తకం ముందుకు తోసింది. "ఒక్క మాట ముందే చెప్తున్నా. తెప్పించాక నచ్చలేదంటే వెనక్కి తీసుకోను. ఇంకొకరికి అమ్ముకోలేను. నా కొట్లో ముసలిదైపోతుంది."

"పట్టి చూడకుండా ఎట్లా?"

"అదే నేనూ అనేది. పిల్లను చూడకుండా పెళ్ళి చేసుకున్నట్టే."

"నేను అట్లాగే చేసుకున్నా" అన్నాడు వడ్రంగి.

"మరెలా ఉంది?"

అతను కాసేపు ఆలోచించాడు. "బాగానే ఉంది" అన్నాడు.

పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాడు. రంగులు చూడలేదు. అతనికి రంగుతో పని లేదు. అతని భయమంతా గిటారు మెడ గురించే, ఎడమచేత్తో పట్టుకుని తీగలు నొక్కే ఆ పొడుగు చెక్క గురించే. అయిదు తీగలంటే మెడ వెడల్పవుతుంది. అతని ఎడమచేతి చిటికెన వేలికి చివరి కణుపు లేదు. పనిలో చేరిన కొత్తలో రంపం తీసుకెళ్ళింది. నాలుగు తీగల మెడ మీద ఆ మొండివేలు ఎలాగో సర్దుకుంది. వెడల్పు మెడ మీద అది చేరకపోతే గిటారు గోడకి అలంకారం. బావ ఇంట్లో రేడియో అలా మూగగానే ఉండిపోతుంది. కొనేది ఒక్కటే, మార్చుకోవడానికి వీల్లేదు, పట్టి చూడ్డానికి లేదు.

పట్టి చూడ్డానికి లేకపోతే చేసుకుని చూడాలి. పెద్ద పని చేసేముందు వడ్రంగి ఎప్పుడూ పనికిరాని చెక్కతో ఒక నమూనా చేస్తాడు. కుర్చీకైనా అంతే, మెట్లకైనా అంతే. కాగితం మీద అంకెలు అందరికీ అందంగానే కనిపిస్తాయి, చేతికి తెలిస్తేనే నిజం అంటాడు. పుస్తకంలో మూడు గిటార్ల కొలతలూ ఉన్నాయి. మెడ మొదట్లో వెడల్పు మొదటిదానికి నలభై అయిదు మిల్లీమీటర్లు, రెండోదానికి నలభై ఏడు, మూడోదానికి నలభై తొమ్మిది. పొడవు, మందం కూడా రాశారు. మూడు చెక్కలు తీసి గీతలు గీశాడు, కోశాడు, వెనకవైపు గుండ్రం చేశాడు. ఉత్తుత్తి మెడలకు అంత సింగారం ఎందుకని చిత్రిక పట్టలేదు. గరుకు కాగితంతో రుద్ది ఊరుకున్నాడు. అంచుకు ఇంత అని కొలిచి, అయిదేసి మేకులు కొట్టి, భార్య దగ్గర మందపాటి దారం అడిగి తీగల్లా బిగించాడు. ఒక్కో చెక్క మీద దాని అంకె రాశాడు.

ఇక వారం రోజులు చేతిలో చెక్కే. అన్నం తినేముందు ఒకటి, తిన్నాక ఒకటి. జిగురు ఆరేలోపు ఒకటి. మోగని దారాల మీద పాటలన్నీ వాయించుకున్నాడు.

"ఇంట్లో వాళ్ళు చూస్తే పర్లేదు గానీ" అంది భార్య, "బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు నాకేసి జాలిగా చూస్తున్నారయ్యా."

నలభై తొమ్మిది మీద మొండివేలు దారిలోనే ఆగిపోయింది. నలభై ఏడు మీద చేరింది గానీ మణికట్టు నొప్పెట్టింది. నలభై అయిదు మాత్రం చేతిలో పెట్టగానే కూర్చుంది. ఎవరో అతని చేతిని కొలిచి చేసినట్టుంది. ఎవరో ఏమిటి, తనే కదా. శనివారం వెళ్ళి "మొదటిది తెప్పించు" అన్నాడు. ఆవిడ మళ్ళీ అడిగింది, "ఖాయమేనా బాబాయ్?" అని. "కొలిచాను" అన్నాడు, ఇక మాటేముంది అన్నట్టు.

పన్నెండు రోజులకు, ఒక బుధవారం, పెట్టె వచ్చింది. పనిశాలలోనే విప్పాడు. ముదురు గోధుమ రంగుది. అయిదో తీగ సైకిలు బ్రేకు తీగంత లావుంది. మెడలో వేసుకుని, నాలుగు తీగలూ శ్రుతి చేసి, అయిదోదీ చేసి, పాట ఎత్తుకున్నాడు.

నాలుగు స్వరాలు బాగానే వచ్చాయి. అయిదో స్వరానికి వేలు రెండు తీగల మీద పడింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. తీగలన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగి కూర్చున్నట్టున్నాయి. మొండివేలికి ఏ ఇబ్బందీ లేదు. మంచి వేళ్ళే తడబడుతున్నాయి. ఇరవై రెండేళ్ళు వాయించినవాడి చేయి నిన్న మొదలుపెట్టినవాడి చేయిలా అయిపోయింది. చెమట పట్టింది.

"అదేమిటి, రెండు పిల్లులు కొట్టుకున్నట్టు?" అంటూ భార్య లోపలికి వచ్చింది.

"తప్పు గిటారు పంపినట్టున్నారు."

ఆమె గిటారు చూసింది. గోడకు ఆనించి ఉన్న మొదటి చెక్క తీసి మెడ పక్కన పెట్టింది. రోజంతా గుడ్డ కొలిచే కన్ను.

"నీ చెక్క వెడల్పుగా ఉందిగా."

"ఉండదు. నలభై అయిదే."

"కొలువు."

స్టీలు స్కేలు పెట్టాడు. గిటారు నలభై అయిదు. చెక్క నలభై ఏడు. రెండో చెక్క తీశాడు, నలభై తొమ్మిది. మూడోది యాభై ఒకటి. స్కేలు తిరగేసి మళ్ళీ కొలిచాడు. స్కేలుకు మొహమాటం లేదు, అదే చెప్పింది.

అప్పుడు అర్థమైంది. చిత్రిక పడితే చెక్క పైపొర పొట్టులా లేచిపోతుంది. అందుకని ఏ చెక్క కోసినా కావలసినదానికంటే రెండు మిల్లీలు ఎక్కువే కోస్తాడు. ముప్పై ఏళ్ళ అలవాటు. మనసుతో పని లేకుండా చెయ్యే వదిలేస్తుంది. ఆ రెండూ చిత్రిక తినేసి కొలత సరిపోతుంది. ఈసారి వదలడమైతే వదిలాడు, చిత్రిక పట్టలేదు. చేతికి నచ్చింది నలభై ఏడు. పుస్తకంలో రెండో గిటారు. దాన్ని కాదని, దాని పేరు మీద దాని చెల్లెల్ని తెచ్చుకున్నాడు.

భార్యకు చెప్పక తప్పలేదు. ఆమె విని, బల్ల పట్టుకుని నవ్వింది.

"కుట్టుకు వదిలి, కుట్టడం మర్చిపోయావా! నేను ఇట్లా చేస్తే ఆ చొక్కాలో ఇద్దరు దూరతారు."

"వెనక్కి తీసుకోదు" అన్నాడు వడ్రంగి. ముఖం మాడిపోయింది. "వేళ్ళు పడకపోతే పాట నడవదు. నడవకపోతే మీ అన్నయ్య రాడు."

ఆమె నవ్వు ఆపింది.

మర్నాడంతా గిటారుతోనే కుస్తీ పట్టాడు. రెండు మిల్లీలు తగ్గితే తీగకూ తీగకూ మధ్య తగ్గేది అర మిల్లీ. అర మిల్లీయే కదా అనేవాడు వడ్రంగి కాడు, అది తలుపును ఇరికిస్తుంది. శుక్రవారం పొద్దున ఆ ఇరుకు ఎక్కడినుంచి వస్తోందో చూశాడు. మెడ మొదట్లో తీగలు కూర్చోవడానికి ఒక చిన్న గాట్ల పట్టీ ఉంది. అందులో చివరి తీగలకూ అంచుకూ మధ్య కాస్త ఖాళీ వదిలారు. పట్టీ ఊడదీసి, నల్లటి గట్టి చెక్క ముక్కతో కొత్తది చేశాడు. రెండు చివరి గాట్లూ అంచు వైపు అర మిల్లీ జరిపి, మధ్యవి సమంగా పంచాడు. తీగల మధ్య పావు మిల్లీ కలిసొచ్చింది. అర లోటులో పావు తీరింది. మిగతా పావూ వేళ్ళే నేర్చుకోవాలి. కొత్త చెప్పు కరిచినా నడిస్తే దారికొస్తుంది కదా అనుకున్నాడు. సాయంత్రానికి పాట మూడొంతులు నడిచింది. నాలుగో వంతు ఇంకా కుంటుతోంది.

కానీ పాడేవాడు రావాలి కదా.

శనివారం మధ్యాహ్నం భార్య మిషను ఆపి, అన్నకు ఫోను చేసింది. వడ్రంగి పక్క గదిలోనే ఉన్నాడు.

"అన్నయ్యా, మీ బావ కొంప ముంచాడు" అంది. "ఏం లేదు, కొత్త గిటారు తెచ్చాడు. దానికి కొలతలు తీసుకున్నాడు. ఎవరు? మీ బావే. తప్పుగా తీసుకున్నాడు... అవునన్నయ్యా, మీ బావే! ఒట్టు. రెండు మిల్లీలు. మూడు చెక్కలు చేసి, మూడూ తప్పు చేశాడు. ఆ చెక్కలు ఇంకా ఇక్కడే ఉన్నాయి. రేపటికి పొయ్యిలో పెట్టేస్తానంటున్నాడు."

అవతలినుంచి ఒక కేక వినపడింది. ఆమె ఫోను చెవికి దూరంగా పట్టుకుంది.

"ఏమన్నాడు?" అన్నాడు వడ్రంగి గుమ్మంలోకి వచ్చి.

"పొయ్యిలో పెట్టనివ్వకు, నేను వస్తున్నా అన్నాడు."

"పొయ్యిలో పెడతానని నేనెప్పుడన్నాను?"

"నువ్వు ఏదైనా ఎప్పుడన్నావు గనక" అని ఆమె మళ్ళీ మిషను తొక్కింది.

పాడమంటే రాని మనిషి, నవ్వడానికైతే రెండు వీధుల దూరం నుంచే వినపడుతూ వచ్చాడు. ఆదివారం మూడు గంటలకు మెట్ల మీద చెప్పుల చప్పుడు, వెనకే గొంతు. మందంగా, బొంగురుగా ఉంది గానీ హుషారుగా ఉంది.

"ఎక్కడమ్మా కొలతల మహారాజు? ఊళ్ళో వాళ్ళ తలుపులన్నీ కొలిచి, తన గిటారు దగ్గర బోర్లా పడ్డాడట!"

టీచరమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మెకానిక్కు డ్రమ్ము మీద ఒక దెబ్బ వేసి స్వాగతం పలికాడు. బావ మైకు వైపు చూడలేదు. స్పీకరు పెట్టె మీద కూర్చుని, మూడు చెక్కలూ ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"ఇది బట్టలుతకడానికి బాగుంటుంది. ఇది కుక్కను తోలడానికి. ఈ మూడోది దేనికి బావా?"

"నీ బస్సుకు గేరు కడ్డీ ఊగుతోందన్నావుగా. పెట్టుకో."

"మా బస్సుకు మిల్లీమీటర్లతో పని లేదు. సందులో పట్టిందా, పోతుంది. నీలాగా నెల రోజులు కొలవం." అందరూ నవ్వారు. బావకి ఇంకా ఆకలి తీరలేదు. "ఏదీ, ఆ ఇరుకు గిటారు మోగించు. మోగుతుందా, చిత్రిక పట్టాలా?"

వడ్రంగి గిటారు మెడలో వేసుకున్నాడు. బొటనవేలు అయిదో తీగ మీద ఆనించి వదిలాడు.

శబ్దం చెవికి రాకముందే ఒంటికి వచ్చింది. బావ కూర్చున్న పెట్టెలోంచి లేచి, నడుంలోంచి ఎక్కి, ఛాతీలో కూర్చుంది. కిటికీ అద్దం సన్నగా జివ్వుమంది. బావ నోట్లో నవ్వు సగంలో ఆగింది.

"అదేంటది?"

"అయిదోది."

"ఇంకోసారి."

వడ్రంగి ఇంకోసారి మోగించాడు. దాని వెంటే ఆగకుండా పాట మొదలు వాయించాడు, మూడు మెట్లు కింద. టీచరమ్మ అతని ముఖం చూసి, మెల్లగా అందుకుంది. మెకానిక్కు కర్రలు పక్కన పెట్టి చేతులతోనే తట్టాడు. ఎవరూ బావకేసి చూడలేదు. చూస్తే లేచిపోతాడని అందరికీ తెలుసు. బావ ఒళ్ళో చెక్క మీద దారాలు మీటుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ముందు కూనిరాగం, తర్వాత మాటలు. ఎప్పుడు మొదలుపెట్టాడో అతనికే తెలియనట్టుంది.

అది పాత గొంతు కాదు. పాత గొంతు నున్నగా ఉండేది. దీనికి గరుకుంది, ఆ గరుకులో బరువుంది. పల్లవి దాటింది. మొదటి చరణం చివర ఎక్కే చోటు వచ్చింది. కాయ లేచినప్పుడు గొంతు చీలింది అక్కడే. టీచరమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి. బావ కళ్ళు మూసుకుని ఎక్కాడు. ఎక్కి, నిలబడి, చక్కగా దిగి వచ్చాడు.

రెండో చరణంలో వడ్రంగి వేలు రెండు తీగల మీద పడింది. స్వరం ముద్దయింది. బావ ఠక్కున ఆపాడు.

మెట్ల మీద నిలబడి వింటున్న భార్య ఒక మెట్టు పైకెక్కింది. ఆవేళ కూడా రెండో చరణంలోనే ఆపి వెళ్ళిపోయాడు.

బావ లేచాడు. చెక్కలు పెట్టె మీద పెట్టాడు. నాలుగడుగులు వేసి, బల్ల మీది మైకు అందుకున్నాడు.

"ఏం వాయింపు బావా అది? పిండి పిసుకుతున్నావా?"

"తీగలు దగ్గరగా ఉన్నాయి."

"అయితే వేళ్ళు చిత్రిక పట్టుకో. నేనిక్కడ చచ్చీ చెడీ గొంతు పట్టుకొస్తుంటే, నువ్వు సందులో బస్సు ఇరికించినట్టు ఇరికిస్తావా? టీచరమ్మా, మొదటినుంచి. కాసిని మంచినీళ్ళివ్వవే చెల్లెమ్మా, అక్కడ నిలబడి ఏం వింటున్నావ్?"

వడ్రంగి తల వంచుకుని గిటారు సర్దుకున్నాడు. తిట్టించుకోవడంలో అంత సుఖం ఉంటుందని అతనికి అంతకుముందు తెలియదు.

పొద్దు వాలేదాకా ఆ పాట ఏడుసార్లు ఎత్తుకున్నారు. ఏడుసార్లూ మధ్యలో ఆపింది బావే. ఏడుసార్లూ తప్పు వడ్రంగిదే.